లిఫ్టక్క సంతకం

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఆవిడది ఫిర్యాదుల విభాగం. ఎక్కడ ఎవరు లిఫ్టులో ఇరుక్కుని ఎర్ర బటన్ నొక్కినా మోగేది ఆవిడ బల్ల మీదే. "కంగారు పడకండి. మీతో పాటు లోపల ఎవరైనా ఉన్నారా?" అన్నది మొదటి ప్రశ్న. ఆ తర్వాత మెకానిక్ వెళ్ళి తలుపు తెరిచేదాకా అవతలి మనిషిని మాటల్లో పెట్టాలి. అదే ఉద్యోగం. తలుపు తెరుచుకున్న మరుక్షణం అవతల చప్పుడుండదు. ప్రాణం లేచొచ్చిన మనిషి బయటపడతాడు గానీ, వెనక్కి తిరిగి గోడలోని గొంతుకి వీడ్కోలు చెబుతాడా!

అలా పగలంతా ఊళ్ళో జనంతో మాట్లాడి ఇంటికొస్తే, ఆవిడకి పలకరించడానికి ఫ్రిజ్ తప్ప మరో ప్రాణి లేదు. భర్త పోయి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. తమ్ముడు ఆదివారం ఫోన్ చేసి "బాగున్నావా అక్కా" అంటాడు, ఆవిడ "బాగున్నారా" అంటుంది, ఇద్దరూ బాగానే ఉన్నారని తేలిపోయాక ఇంక మాట ఉండదు. టీవీ పెట్టేది చూడ్డానికి కాదు. గదిలో ఇంకో గొంతు ఉంటుందని.

ఒకరోజు ఆఫీసు లిఫ్టులో ఒక కాగితం అంటించి ఉంది. ఉద్యోగస్తులకు ఎంబీఏ, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. అది చదివినవాళ్ళందరికీ ఎంబీఏ కనిపించింది. ఈవిడకి మాత్రం ఆరు నుంచి తొమ్మిది కనిపించింది.

చేరడం అంత తేలికేం కాదు. డిగ్రీలో సగానికి మించి మార్కులుండాలి. కనీసం మూడేళ్ళు ఉద్యోగం చేసుండాలి. ప్రవేశ పరీక్ష రాయాలి. ఇద్దరు పెద్దమనుషులు మన గురించి మంచిమాటలు రాసివ్వాలి. అదంతా అయ్యాక, అసలు ఎందుకు చదవాలనుకుంటున్నారో ఒక పేజీ వ్యాసం. పెళ్ళికొడుకునైనా ఇన్ని అడగరు. యాభై దాటిన వయసులో లెక్కలు మళ్ళీ మొదలుపెట్టేసరికి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. అయినా అన్నిటికన్నా ఏడిపించింది ఆ ఒక్క పేజీయే. ఇంట్లో పొద్దుపోవడం లేదని రాస్తే సీటు ఎవడిస్తాడు? నాయకత్వ లక్షణాలు పెంపొందించుకోవడానికి అని రాసింది. ఇంటర్వ్యూలో "వచ్చే ఐదేళ్ళలో మీరు ఎక్కడుండాలని మీ ఆశ?" అని అడిగారు. ఎక్కడైనా సరే, ఇంట్లో తప్ప, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, మేనేజర్ కుర్చీలో అంది. సీటిచ్చారు.

ఫీజు రసీదు రాసిన గుమస్తా కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, దానికోసమే బల్లంతా వెతుక్కునే రకం. ఆవిడ కాగితాలు తిరగేసి సంతోషంగా చెప్పాడు.

"మేడమ్, మీరు బీకామ్ కదా. మొదటి టర్ములో అకౌంట్స్, ఎకనామిక్స్ మీకు మినహాయింపు. ఆ క్లాసులకి రానక్కర్లేదు."

"వస్తానండీ."

"రానక్కర్లేదంటున్నా మేడమ్."

"వస్తాననే నేనూ అంటున్నానండీ."

మినహాయింపు కోసం కాళ్ళావేళ్ళా పడేవాళ్ళనే చూశాడు గానీ, ఇస్తానంటే వద్దనే మనిషిని అతను చూడలేదు. కళ్ళజోడు కిందికి దించుకుని ఆవిడని ఒకసారి పరీక్షగా చూశాడు. రసీదు చింపి చేతికిచ్చాడు.

క్లాసులో నలుగురేసి ఒక జట్టు. ఆవిడ జట్టులో ఒక బ్యాంకు ఉద్యోగి, డాక్టర్ల చుట్టూ తిరిగే ఒక మందుల కంపెనీ కుర్రాడు, స్కూలు ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయి. ఆ అమ్మాయి ఏ మాట మొదలెట్టినా "మా పాప" అనే మొదలెడుతుంది కనక పాపమ్మ అయింది. ఈవిడ లిఫ్టక్క అయింది. పేరు పెట్టింది మందుల కుర్రాడే. పెళ్ళయ్యాక ఆవిడకి ఎవరైనా కొత్త పేరు పెట్టడం అదే మొదటిసారి. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి ఆ పేరు పైకి అనుకుని నవ్వుకుంది.

మూడేళ్ళ చదువులో ఆవిడ ఒక్క క్లాసు మానలేదు. జలుబు చేసినా, జ్వరమొచ్చినా వచ్చేది. క్లాసయ్యాక నలుగురూ క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల దగ్గర టీ తాగుతూ ప్రాజెక్టుల మీద కొట్టుకునేవాళ్ళు. మార్కెటింగ్ అంటే ఏమిటో వాళ్ళు ఆవిడకి చెప్పారు. పాపకి దగ్గొస్తే ఏం చెయ్యాలో, కోపంగా ఉన్న మేనేజరుతో ఫోన్లో ఎలా మాట్లాడాలో ఆవిడ వాళ్ళకి చెప్పింది. వాళ్ళు నోరారా "అక్కా" అని పిలుస్తుంటే ఆవిడకి కడుపు నిండిపోయేది. ఇంటికెళ్ళి టీవీ పెట్టకుండానే నిద్రపోయేది.

ఏ చదువైనా ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది కదా. ఆఖరి టర్ము రానే వచ్చింది. ఆఖరి ప్రాజెక్టుకి ఒక గొడుగుల కంపెనీ దొరికింది. వానలు లేనప్పుడు గొడుగులు ఎలా అమ్మాలో జట్టు చెప్పాలి. మిగతా ముగ్గురూ ఎప్పుడైపోతుందా అని రోజులు లెక్కపెడుతున్నారు. బ్యాంకు అబ్బాయికి డిగ్రీ చేతికొస్తే ప్రమోషన్, దాంతోపాటే వేరే ఊరికి బదిలీ. మందుల కుర్రాడికి పెద్ద ఏరియా. పాపమ్మకి సాయంత్రాలు పాపతో. లిఫ్టక్కకి మాత్రం గుండెల్లో రాయి పడింది. రిపోర్టులో ఒక అధ్యాయం బాగాలేదని మళ్ళీ రాయించింది. అదయ్యాక పట్టికలు మళ్ళీ గీయించింది. "అక్క చేతిలో పడితే ఏ తప్పూ ఉండదు" అని వాళ్ళు మురిసిపోయారు. పాపం పిచ్చివాళ్ళు.

రిపోర్టు చివరి పేజీలో నలుగురూ కలిసి పనిచేశామని ఎవరికి వారు సంతకం పెట్టాలి. పెట్టనివాళ్ళకి ఆ సబ్జెక్టు పూర్తికానట్టే లెక్క. వాళ్ళు వచ్చే బ్యాచ్‌తో, కొత్త జట్టుతో, మొదటినుంచీ మళ్ళీ చెయ్యాలి. కిందటేడు పక్క జట్టులో ఒకాయన టూరు మీద వెళ్ళి సంతకం తప్పిపోతే అదే జరిగింది. క్లాసంతా ఆయన్ని చూసి అయ్యో అంది. లిఫ్టక్క కూడా అయ్యో అంది. కానీ అదృష్టవంతుడు అని లోపల అనుకున్న మనిషి క్లాసంతటికీ ఆవిడొక్కతే.

ముగ్గురూ సంతకాలు పెట్టి, రిపోర్టు ఆవిడ చేతికిచ్చి వెళ్ళిపోయారు. ఆవిడ కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది. తన వల్ల ఎవరికీ నష్టం లేదు, వాళ్ళు ముగ్గురూ పాసవుతారు. తనకి ఇంకో టర్ము సాయంత్రాలు మిగులుతాయి. కొత్త జట్టు కూడా ఏదో పేరు పెడుతుంది. అట్ట మూసేసి, ఆఫీసు ముందున్న డబ్బాలో రిపోర్టు వేసేసి, పరీక్ష ఎగ్గొట్టిన చిన్నపిల్లలా గబగబా నడిచి ఇంటికెళ్ళింది.

ఫలితాలొచ్చాయి. ముగ్గురు పాస్. ఆవిడ పేరు పక్కన 'అసంపూర్ణం'.

ఇక్కడే ఆవిడ లెక్క తప్పింది. అన్నీ ఆలోచించింది గానీ, వాళ్ళకి తనంటే ఇంత ప్రేమ ఉంటుందని ఆలోచించలేదు. ముగ్గురూ అగ్గిమీద గుగ్గిలమయ్యారు. బ్యాంకు అబ్బాయి సెలవు పెట్టి వచ్చాడు. మందుల కుర్రాడు డాక్టర్లని గాలికొదిలేశాడు. పాపమ్మ పాపని చంకనేసుకుని డీన్ గది ముందు బైఠాయించింది.

"పోనీలెండర్రా, ఇంకోసారి చదువుతాను. నాకేం కష్టం?" అంది లిఫ్టక్క.

"నువ్వూరుకో అక్కా. మాకోసం రాత్రింబగళ్ళు చాకిరీ చేసి నీ సంతకమే నువ్వు మర్చిపోయావు. నిన్నొదిలేసి మేం పట్టాలు పుచ్చుకుంటామా?" అన్నాడు బ్యాంకు అబ్బాయి.

డీన్ చివరికి దిగొచ్చాడు. మరుపు వల్ల జరిగిందని ఆవిడ రాసిచ్చి, సంతకం పెడితే చాలన్నాడు. ముగ్గురూ ఆవిడని ఊరేగించినట్టు ఆఫీసు కౌంటరు దగ్గరికి తీసుకొచ్చారు. పాత గుమస్తాయే. కాగితం ముందుకు జరిపి, కళ్ళజోడు కిందికి దించుకుని, ఆవిడని చూశాడు.

"మేడమ్," అన్నాడు నెమ్మదిగా, "నిజంగానే మర్చిపోయారా?"

ఆవిడ నోరు తెరిచింది. ఈ లోకంలో ఒక్కడికి తెలుసు. ఒక్క మాటంటే చాలు, కాగితం వెనక్కి తీసుకుంటాడు.

"మర్చిపోయారండీ! మీకు ఎన్నిసార్లు చెప్పాలి!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. పాప ఆవిడ జుట్టు పట్టుకుని లాగుతోంది. వాళ్ళ ముఖాలు చూసింది. వాళ్ళతో ఏమని చెప్పగలదు? మీరు వెళ్ళిపోతే నాకెవరూ లేరని చెప్పగలదా?

"మర్చిపోయానండీ," అంది. రాసింది. సంతకం పెట్టింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. గుమస్తా కొట్టలేదు. "కార్డు ఇచ్చెయ్యాలి మేడమ్, చదువు పూర్తయినట్టే," అని ఆవిడ కాలేజీ కార్డు తీసుకుని సొరుగులో వేశాడు. ఆ ముక్క అనేటప్పుడు తల ఎత్తలేదు.

"ప్రతి గురువారం ఇక్కడే టీ తాగుదాం, మానడానికి వీల్లేదు," అంది పాపమ్మ. "ఈ గురువారం మాత్రం కుదరదు, మా పాపకి టీకా." బ్యాంకు అబ్బాయి ఆ వారమే సామాను సర్దుకోవాలి. మందుల కుర్రాడి ఫోన్ మోగుతూనే ఉంది. ఆవిడని ఒకరి తర్వాత ఒకరు కావిలించుకుని, మెట్లమీద నవ్వుకుంటూ దిగిపోయారు.

ఆవిడ లిఫ్టెక్కింది. ఆ కాలేజీ లిఫ్టు కూడా వాళ్ళ కంపెనీదే. కిందికొచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. బయట సాయంత్రం వెలుతురు ఇంకా పోలేదు. గడియారంలో ఆరు కూడా కాలేదు. ఆవిడ కదల్లేదు. చెయ్యి దానంతటదే ఎర్ర బటన్ మీదికి వెళ్ళింది.

గోడలోంచి గరగరమని గొంతు వచ్చింది. ఈ మధ్యే చేరిన సాయంత్రం డ్యూటీ అమ్మాయి. ఆవిడ గొంతు గుర్తుపట్టలేదు.

"కంగారు పడకండి. మీతో పాటు లోపల ఎవరైనా ఉన్నారా?"

"లేరమ్మా," అంది ఆవిడ. "ఒక్కదాన్నే ఉన్నాను."

"మా మనిషి వచ్చేదాకా నేను లైన్లోనే ఉంటానండీ. మీరు ఏ పని మీద వచ్చారు ఇక్కడికి?"

"చదువుకోవడానికి వచ్చానమ్మా," అంటూ మొదలుపెట్టింది. తలుపు తెరిచే ఉంది. ఆవిడ మాత్రం చెబుతూనే ఉంది.