పెద్దమామకు చివరి పత్రిక

తొంభైల చివర విరుదునగర్‌లో ఎం.సి.ఏ. చదివేవాణ్ణి. సోమవారం అల్గారిథమ్‌ల పరీక్ష అనగా, శనివారం అక్క పెళ్ళి పత్రికలు పంచే పని నా మీద పడింది. కోవిల్‌పట్టి దగ్గర మా పల్లెలో అమ్మ కాలు బెణికి మంచం మీద ఉంది. మావాళ్ళకు పత్రిక చేతికివ్వాలి. తపాలాలో పంపితే పిలవనట్టే.

అమ్మ చెబుతుంటే రాసుకున్నాను. మొదట అమ్మకు పెద్దన్న అయిన వత్రాప్ పెద్దమామ, తరువాత ఒట్టపిడారం పెద్దమ్మ, ఆ తరువాత ఎట్టయాపురం చిన్నమామ. పడమట కొండల దాకా పోయి మళ్ళీ తూర్పుకు రమ్మనే ఆ వరస చూసి నవ్వొచ్చింది. నోటుపుస్తకంలో ఊళ్ళను చుక్కలుగా పెట్టి, గీతల మీద దూరాలు వేశాను. ఉన్నచోటికి ఏది దగ్గరైతే ముందు అక్కడికి పోవాలి, అప్పుడే చదువుకున్న పద్ధతి అది. అది ప్రతిసారీ మంచి దారి చూపదని మాస్టారు చెప్పే ఉన్నారు. ఒక్కరోజులో పని తెమిలితే చాలనుకున్నాను. ఎట్టయాపురం ముందుకు వచ్చింది, వత్రాప్ చివరికి పోయింది.

సాయంత్రం మోటారుసైకిలు మీద వత్రాప్ చేరేసరికి, పొద్దున్నే చిన్నమామకు పత్రిక అందిన సంగతి పెద్దమామకు ఫోన్‌లో తెలిసిపోయింది. ఆయన తాంబూలం పళ్ళెం ముట్టుకోలేదు. పెళ్ళికూతుర్ని పీటల మీదికి నడిపించాల్సింది ఆయనే. ఆయన రానంటే అక్క పెళ్ళి ఆగినట్టే.

నోటుపుస్తకం తెరిచి చూపించాను. చుక్కలన్నీ నిదానంగా చూశాడు.

"దూరం రాసుండావు, సరే. దీన్లో పెద్దోళ్ళెవురు, చిన్నోళ్ళెవురు? అది యాడ రాసుండావు?"

రాయలేదన్నాను. అమ్మ చెప్పిన జాబితా వయసు వరసలో ముందే సర్ది ఉందని అప్పుడు తట్టింది. దాన్ని చెదరగొట్టింది నేనే.

"మీ కాలేజీలో ఎవురికీ మామలు లేరా?" అన్నాడు. లోపల అత్త నవ్వింది.

ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు. "నువ్వు పంచిండేదంతా కాయిదం. నా చెల్లెలు చేత్తో ఇచ్చేదే మొదుటి పత్రిక. బండి తియ్యి, మీ ఊరికి పోదాం."

వెనక కూర్చుని ఆయన నా భుజం పట్టుకున్నాడు.  శ్రీవిల్లిపుత్తూరు దాటాక, పెళ్ళికి తన తోట నుంచి ఎన్ని అరటి గెలలు తేవాలో అడిగాడు. నాకేం తెలుసు? ఎన్ని తెచ్చినా చాలవన్నాను.