బాలింత గదిలో ఎడారి కూలర్

సాయంత్రం నాలుగింటికి ఆ మత్స్యకారుల ఊరు చేరాం. శ్రీకాకుళం తీరం, మే నెల. తుపాను దాటి రెండు రోజులైంది. కరెంటు స్తంభాలు విరిగి పడ్డాయి. సరుగుడు తోటలు నేలకొరిగాయి. సైనిక విన్యాసాల కోసం ఎడారి నుంచి రైల్లో వచ్చిన మా కంపెనీని సహాయ పనులకు ఇటు మళ్లించారు. లారీలో పారలు, రంపాలు, తాళ్లు, మందుల పెట్టె, జనరేటరు. వాటన్నిటి మీద మా హవల్దారు గారి కూలర్.

ఆ కూలర్‌ని తక్కువ చేసి మాట్లాడను. ఎడారి పోస్టులో అదే మాకు ప్రాణం. బయట గాలి మొహం కాల్చేది. లోపల దుప్పటి వెతుక్కునేవాళ్లం. పొడిగాలి తడి గడ్డిలోంచి దూరి వస్తే నీళ్లు ఆరతాయి, ఆరుతూ వేడిని లాక్కుపోతాయి. కూలర్ విద్య అంతే. మా తీరంలో గాలే తడి. ఉతికిన యూనిఫారమే ఆరి చావదు, ఇక కూలర్ నీళ్లేం ఆరతాయి? నాది నెల్లిమర్ల పక్క పల్లె. ఈ ఉక్కలోనే పుట్టి పెరిగాను.

బడిలో ఒక గదిని వైద్యానికి ఇచ్చారు. ఇల్లు కొట్టుకుపోయిన ఒక పచ్చి బాలింతని అందులో ఉంచాం. ఒళ్లో మగబిడ్డ, పక్కన అత్తగారు. మర్నాడు మధ్యాహ్నం, వైద్యం చూసే మా మెడిక్ పడవలో పక్క ఊరికి పోయాడు. గది బాధ్యత హవల్దారుది. మాటలు అటూ ఇటూ చేరవేసే బాధ్యత నాది.

హవల్దారు ఒక కిటికీలో కూలర్ బిగించాడు. అత్తగారు రెండో కిటికీ, తలుపు మూసేసింది. కోడలి చెవుల మీదుగా తువ్వాలు బిగించి కట్టింది.

"తలుపు తియ్యకండి బాబూ. సముద్రం గాలి తగిల్తే బాలింతకి వాతం సేస్తాది. మిషన్ గాలికేటి, అది పెద్దాసుపత్రిలోనూ ఉంటాది."

హవల్దారుకి హిందీలో చెప్పాను. మురిసిపోయాడు. "తెలివైన ముసలమ్మ. చల్లదనం బయటికి పోకూడదు కదా!"

ఎడారి బంకరులో ఇసుక సంచుల సందుల్లోంచి తడిగాలి దానంతటదే పోయేది. అది ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. ఈ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మొండితనంలో మాత్రం ఎంత చక్కగా కలిశారో!

అరగంటలో గది ఇడ్లీ పాత్ర అయింది. గోడలకు చెమట పట్టింది. బిడ్డ ఏడుపు మానేసి సోలిపోయాడు.

"అత్తా, ఉడికిపోతన్నాను. బిడ్డ పాలు తాగట్నేదు," అంది కోడలు.

"పంపు ఆపి ఫ్యాన్ ఒక్కటే తిప్పుదాం సార్. తలుపులు తీద్దాం," అన్నాను.

"ఎడారిలో పనిచేసిన మిషన్ ఇక్కడెందుకు చేయదు? ఇంకో రెండు బకెట్లు పొయ్యి."

ఆర్డరు. పోశాను. ఒళ్లు మండిపోయింది. అంతలో రేడియోలో మా ఆఫీసరు గొంతు పలికింది.

"మెడికల్ గది ఎలా ఉంది? ఓవర్."

"చల్లగా ఉంది సార్. ఓవర్." మొహం మీది చెమట తుడుచుకుంటూ చెప్పాడు మహానుభావుడు.

అత్తగారిని బతిమాలాను. "నువ్వూ ఈ పక్కోడివే కదా బాబూ, ఆ మాత్రం తెల్దేటి?" అని నన్నే గదమాయించింది.

చివరికి కోడలే లేచింది. తువ్వాలు లాగి పారేసింది. బిడ్డని భుజాన వేసుకుని తలుపు తోసింది.

"నాకేటయినా పర్నేదు. నా బిడ్డకి గాలి కావాల!"

వెళ్లి వరండా నీడలో సముద్రం వైపు కూర్చుంది. తలుపు మళ్లీ ఎవరూ మూయకుండా నేను బండరాయి అడ్డం పెట్టాను. అత్తగారు తెలుగులో తిట్టింది, హవల్దారు హిందీలో తిట్టాడు. దేన్నీ అనువదించలేదు. చాలాసేపటికి బిడ్డ సన్నగా ఏడ్చాడు. తర్వాత రొమ్ము పట్టాడు. మెడిక్ తిరిగొచ్చి చూసి, ఇంకాస్త ఆలస్యమైతే బిడ్డ దక్కేవాడు కాదన్నాడు.

నెల తిరక్కముందే ఎడారికి వెళ్లిపోయాం. అక్కడ కూలర్ ఎప్పటిలాగే గడగడలాడించింది. "చూశావా, నీదంతా అనుమానం," అన్నాడు హవల్దారు.

ఇప్పుడు రిటైరై ఇంటికొచ్చాను. ఎండలు ముదిరితే పక్కింటివాళ్లు కూలర్ కొనమంటారా అని అడుగుతారు. కొంటే కిటికీలు తీసి పెట్టండి అంటాను. చల్లదనం పోదా అని నవ్వుతారు. వాళ్లు నవ్వుతున్నంతసేపూ నాకు ఆ వరండాయే కనిపిస్తుంది. ఆ కోడలు బిడ్డ తల మీది చిన్న టోపీ తీసింది. రెండు చేతులతో మెలితిప్పి పిండింది. సిమెంటు మీద నీళ్లు ధారగా పడ్డాయి.