తాళం వేయని కావలివాడు

దేవానందం తన ఇంటికి తాళం వేయడు. ఉద్యోగమేమో నారాయణఖేడ్ మార్కెట్ గోదాములకు కావలి. అక్కడ తాళం వేసి, గుంజి చూసి, సగం దారి వచ్చాక అనుమానమొచ్చి, వెనక్కి వెళ్లి మళ్లీ గుంజేవాడు.

"ఆడ గంత పరేషాన్ ఏంది, ఈడ తలుపులు బార్లా ఏంది దేవన్నా?" అనేవాడు తాళాలమ్మే గులాం రసూల్.

"గోదాముకు నేను జీతగాన్ని భాయ్. మా ఇంటికి జీతం లేని కావలోడు వేరే ఉన్నడు" అని దేవానందం వేలు పైకెత్తేవాడు.

"అందరు ఆయన్నే పెట్టుకుంటే నా దుకాణం బందే."

విశ్వాసం మీద గంటసేపు ప్రసంగించి, చందాపెట్టెకు తాళం వేసుకునే పాస్టరుకు సైతం దేవానందమంటే కాస్త ఇబ్బంది.

భార్య సంగమ్మ పెళ్లైన నాటి నుంచీ ఈ జీతం లేని కావలోడి మాటకు నవ్వుతూనే ఉంది. పోయిన వానాకాలం అంకిత జ్వరంతో పోయాక నవ్వు ఆగిపోయింది. ఒక్కగానొక్క కూతురు. ఓదార్చడానికి వచ్చినవాళ్లు దేవుడి చిత్తమన్నారు, మంచి పువ్వునే కోసుకుంటాడన్నారు, చాయ్ తాగి వెళ్లారు. ఇంట్లో అంకిత బట్టల పెట్టె మిగిలింది. దాన్ని కూడా ఎవరో ఎత్తుకుపోతారన్న భయం సంగమ్మను పట్టుకుంది.

దానికి తోడు, ఎన్నాళ్ల నుంచో దేవుడి బియ్యం తగ్గిపోతున్నాయని ఇప్పుడు గమనించింది. వంట చేసినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి ఇవ్వడం వాళ్ల సంఘంలో ఆనవాయితీ. ఆదివారం వచ్చేసరికి డబ్బాలో అడుగు కనిపించేది.

"తన బియ్యమే కాసుకోలేనోడు మన ఇల్లు కాస్తడా?" అంది సంగమ్మ.

"ఎలుకలేమోనే."

"ఎలుకలు మూత పెట్టి పోతయా?"

"బుద్ధిగల్ల ఎలుకలు."

"మరి బిడ్డను ఎందుకు కాయలే నీ కావలోడు?"

దేవానందం చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

మర్నాడే ఆమె తాళం కొంది. గులాం రసూల్ దాన్ని చేతికిస్తూ, "ఇది అమ్ముతుంటే మనసొప్పుతలేదు బహెన్" అన్నాడు. ఇద్దరూ పనికి పోయేముందు ఆ తలుపుకు మొదటిసారి తాళం పడింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి మల్లప్పకు భక్తి ముదిరింది. ఒకప్పుడు జాతరల్లో కుస్తీ పట్టి వెండి కడియం గెలిచినవాడు. ఇప్పుడు నా అన్నవాళ్లు లేరు, కడియమూ లేదు. ఎవరైనా అన్నం పెట్టబోతే "నేను బిచ్చగాన్నా?" అని మీదికొచ్చేవాడు.

"ఏంది కాకా, పొయ్యి ఎలిగియ్యలే?" అని శుక్రవారం సంగమ్మ పలకరించింది.

"ఎల్లమ్మకు ఒక్కపొద్దు."

శనివారం వెంకన్నకు ఒక్కపొద్దు. ఆదివారం ఆలుమగలు చర్చి నుంచి వచ్చేసరికి మల్లప్ప తన అరుగు మీద గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"ఇయ్యాల ఎవరికి కాకా?"

మల్లప్ప ఒక కన్ను తెరిచాడు. "మీ యేసయ్యకు."

సంగమ్మ గిర్రున తిరిగి మొగుణ్ని చూసింది. దేవానందం తన చెప్పుల్ని చూసుకుంటున్నాడు. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

"బియ్యం తీసేది కాకా అని నీకెర్కేనా?"

"అడిగి తీస్కునే మనిషి గాదే. దొంగతనమైతే ఇజ్జతు నిలవడుతది."

"అందుకే దేవుని పేరు జెప్పి ఇన్నేండ్లు తలుపు తీసిపెట్టినవా?"

"ఆయన పేరు జెప్తే ఎవ్వరు అనుమానపడరు."

సంగమ్మకు నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగింది. "మరి నీ నమ్మకం? అది గూడ ఉత్తదేనా?"

"నిజమే ఉండె. అంకిత పోయినంక అది గూడ పోయింది. రోజు పొద్దుగాల లేసి ఎతుక్కుంటున్న. ఓరోజు దొరుకుతది, ఓరోజు దొరకది. దేవునితోని కొట్లాట నాది సంగీ. నడుమ మల్లప్ప ఎందుకు ఉపాసముండాలె?"

ఆమె అక్కడే కూలబడింది. అతనూ పక్కన కూర్చున్నాడు. బిడ్డ పోయినప్పటి నుంచి ఎవరి మూలన వాళ్లు ఏడ్చినవాళ్లు ఆ రోజు కలిసి ఏడ్చారు.

మర్నాడు పనికి బయల్దేరుతూ సంగమ్మ తాళం వేయకుండా తలుపు దగ్గరగా వేసి, పక్కింటి గోడ మీదుగా అరిచింది.

"నేను పత్తి చేనుకు పోతున్న! దొంగలెవరన్న ఉంటే ఇనుండ్రి, కందిపప్పు పై అలమరల ఉన్నది! ఉత్త బియ్యం ఎత్కపోతే మా ఇంటికి నామోషీ!"

గోడ అవతల మల్లప్ప గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు పో బిడ్డా! నేనుండంగ మీ ఇంట్ల దొంగలెట్ల వడ్తరు?"