వెనక నిలబడి నా ముక్కలు చెప్పేసిన బామ్మర్ది

నాలుగు ఆదివారాలుగా పోకర్‌లో ఒక్క ఆటా గెలవలేదు నేను. ఈ మధ్యాహ్నం ప్రొద్దుటూరులో మళ్లా కూర్చున్యాం, చింతగింజలే పందెం. నాది స్మాల్ బ్లైండ్, మధ్యలో ముక్కలు తెరిచినాక అందరికన్నా ముందు పందెం చెప్పాల్సిన సీటు. ముక్కలు పంచినాక నేనే పందెం పెంచినా. బట్టలంగడి రమణప్ప ఒక్కడే నిలిచినాడు. మధ్యలో మూడు ముక్కలు తెరిస్తే నాకొక్కటీ కలవలేదు. అయినా ధైర్యంగా మళ్లా గింజలు తోసినా. రమణప్ప ముక్కలు పడేయబోతాండాడు.

అప్పుడు నా వెనకనుంచి మా బామ్మర్ది, రమ్మీ తప్ప ఇంకో ఆట తెలియనోడు, "నీకాడ ఏం లేదు కదా బావా, డ్రాప్ కొట్టు!" అన్యాడు.

రమణప్ప నవ్వి, ముక్కలు వెనక్కి తీసుకోని ఎదురు పందెం కట్టినాడు. నా గింజలన్నీ పాయె.

"యాడన్నా నోరు మూసుకోని నిలబడలేవా?" అని అరిస్తే, "నీ మంచికే చెప్పినా" అంటాడు!

ఇప్పుడు మా ఇంట్లోనే కాఫీ తాగుతా, బావకు ఆట రాదని వాళ్లక్కకు చెప్తాండాడు. ఇట్లాంటోన్ని మీరైతే ఏం చేస్తారప్పా?