ఉప్పెక్కువైన ప్రసాదం

అశోక్ నగర్‌లోని ఆ హాస్టల్లో ఎల్లేశాన్ని అందరూ పెద్దన్న అనేవారు. వయసులో పెద్ద కావడం ఒక కారణం. పరీక్షలు రాసీ రాసీ అక్కడే ముదిరిపోవడం ఇంకో కారణం. జనగామ దగ్గరి పల్లె నుంచి డిగ్రీ పట్టా పట్టుకొచ్చినవాడు, గ్రూప్స్ అన్నాడు, పోలీసు అన్నాడు, అటవీశాఖ అన్నాడు. ఏదీ చేతికందలేదు. కానీ ఆ మూడో అంతస్తులో ఎవరికి పరీక్ష ఉన్నా తెల్లవారకముందే తలుపు తట్టి లేపేది అతనే. హాల్ టికెట్ జేబులో ఉందా అని మెట్ల దాకా వచ్చి అడిగేదీ అతనే. ఎవరికైనా జ్వరం వస్తే బర్కత్‌పుర దాకా నడిచి మందులు తెచ్చేవాడు. దేవుడు కొందరికి ఉద్యోగమిచ్చి పని చేయించుకుంటాడు. కొందరి చేత ఊరికే చేయించుకుంటాడు.

అతని గదిలోనే నగేష్ అనే కుర్రాడు ఉండేవాడు. కిందటి వేసవిలో వాడికి ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చింది. ఆసిఫాబాద్ వైపు అడవుల్లో పోస్టింగ్. వాడు వెళ్లే రోజు ఎల్లేశమే పెట్టె మోసి బస్సెక్కించాడు.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం ఫోన్ మోగింది.

"అన్నా, నాతోటి అయితలేదు. రాజీనామా ఇచ్చి వస్త. నా మంచం ఎవ్వరికియ్యకు" అన్నాడు నగేష్. ఇంకేదో అంటుండగానే లైను తెగిపోయింది. మళ్లీ ఎంత చేసినా కలవలేదు.

ఎల్లేశం అప్పటికే అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్లబట్టలు, రెండుపూటలా చన్నీళ్ల స్నానం, కాళ్లకు చెప్పుల్లేవు. మర్నాడు చిక్కడపల్లి గ్రంథాలయం ముందు హర్షను పట్టుకుని సంగతి చెప్పాడు. హర్ష చిక్కడపల్లిలోనే పుట్టి పెరిగినవాడు. వీళ్లతో పాటు కోచింగ్ తీసుకున్నవాడు. వాళ్ల నాన్న కొనిచ్చిన మోటారు సైకిల్ ఉంది.

"ఈ చలిల అంత దూరం, అది గూడ మాల మీదనా? గడ్డకట్టి పోతవ్ స్వామీ" అన్నాడు హర్ష.

"ఆ కొలువు కోసం ఎంతమంది ఏడుస్తున్నరో వానికి తెల్వదా? ముఖం జూసి చెప్పాలె. వదులుకోనియ్యొద్దు."

ఏడ్చేవాళ్లలో తానూ ఉన్నానని మాత్రం అనలేదు.

ఆదివారం తెల్లవారుజామున పూజ ముగించి బయల్దేరారు. సందు మొదట్లో టిఫిన్ బండి నడిపే రత్నమాల వాళ్లను ఆపింది. మాలలో ఉన్నవాళ్ల కోసం రోజూ పొద్దున్నే తలస్నానం చేసి, వేరే పిండితో, ఉల్లిపాయ తగలని పెనం మీద అట్లు పోసే మనిషి ఆవిడ.

"కాళ్లు ఇనుము మీద పెట్టుకొని అంత దూరం పోతవా స్వామీ?"

"చెప్పులు ఏసుకోవద్దు గద మాతా."

"నువ్వు ఏసుకోవద్దు. బండి ఏసుకోవద్దని ఏడ లేదు" అంటూ పాత నూలుచీర ముక్కలు తెచ్చి, వెనక కూర్చునేవాళ్లు కాళ్లు పెట్టుకునే కడ్డీలకు రెండు వైపులా మందంగా చుట్టి ముడేసింది. దారంతా ఆ గుడ్డ మీదే అరికాళ్లు ఆనించి, హర్ష వీపు చాటున తల దాచుకుని కూర్చున్నాడు ఎల్లేశం. దారి పొడవునా మనసులో ఒక్కొక్కటిగా మాటలు పేర్చుకున్నాడు. మీ అమ్మ గురించి చెప్పాలి. నువ్వు పడ్డ కష్టం గుర్తు చేయాలి. నోరెత్తనియ్యకూడదు.

పొద్దు వాలుతుండగా అడవిలోకి మళ్లే మట్టిదారి దొరికింది. దాని చివర ఒక రేకుల గది, ముందర చేతిపంపు. పగలు తోడుండే కాపలా మనిషి చీకటి పడకముందే తన గూడేనికి వెళ్లిపోతాడట. ఆ తర్వాత నగేష్ ఒక్కడే.

బండి చప్పుడుకు నగేష్ పరుగున బయటికొచ్చాడు. "అన్నా!" అనబోయి, నల్లబట్టలు చూసి ఆగిపోయాడు. వంగి కాళ్లకు దండం పెట్టాడు.

"స్వామియే శరణం. మాల ఏసినవని నాకు తెల్వనే తెల్వదు స్వామీ."

"అది ఇడిసిపెట్టు. ఫోన్ల ఏందిరా... ఏంది స్వామీ ఆ మాట?" మాలలో ఉన్నవాడు ఎదుటివాణ్నీ స్వామీ అనే పిలవాలి. నాలుక తడబడింది.

"ఏం లేదు స్వామీ. నోరు జారిన. అంత మంచిగనే ఉన్నది."

చలిమంట దగ్గర ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. నగేష్‌ది భక్తిగల ఇల్లు. మాల వేసుకున్నవాడి ముందు గోడు వెళ్లబోసుకుంటే దీక్షకు భారమని వాళ్లమ్మ నేర్పింది. ఎల్లేశానికి అది అర్థమైంది. మాల తీయలేడు. తీయనిదే వీడు నోరు విప్పడు. పొద్దున్నే తిరిగి వెళ్లాలి.

తెల్లవారకముందే చేతిపంపు కింద ఎల్లేశం స్నానం చేస్తుంటే, పక్కన ఇంకో బకెట్ చప్పుడైంది. నగేష్. వాడి వెనక పళ్లు టకటకలాడిస్తూ హర్ష. స్వామికి వండిపెట్టేవాళ్లు స్నానం చేయాలి కదా!

"అయ్యప్పా, ఈ ఒక్కసారికి నన్ను బతికియ్యి" అని కేకలు పెడుతూ హర్ష చెంబుడు నీళ్లు గుమ్మరించుకున్నాడు.

లోపల ఎల్లేశం పూజకు కూర్చున్నాడు. బయట కట్టెల పొయ్యి మీద పెసరపప్పు కిచిడి. నగేష్ ఉప్పు వేసి, విస్తళ్లకు మోదుగాకులు తేవడానికి వెళ్లాడు. హర్ష కట్టెలు తెచ్చి, గిన్నెలోకి చూసి, వాడు మరిచిపోయి ఉంటాడని తానూ వేశాడు. నైవేద్యానికి పెట్టేది కాబట్టి ఇద్దరిలో ఎవరూ రుచి చూడలేదు.

హారతి అయ్యాక ముగ్గురూ కూర్చున్నారు. ఎల్లేశం మొదటి ముద్ద నోట పెట్టుకున్నాడు. రెండోది పెట్టుకున్నాడు. మూడోదీ పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ముఖం కదలనియ్యలేదు.

హర్ష ఒక్క ముద్దకే లేచి నిలబడ్డాడు. "ఇదేందిరా బై! నువ్వు గూడ ఏసినవా ఉప్పు?"

"నువ్వేసినవా?" అన్నాడు నగేష్ బిత్తరపోయి. తానూ నోట్లో పెట్టుకుని ఎల్లేశం వైపు తిరిగాడు. "చెప్పొద్దా స్వామీ?"

"ప్రసాదానికి వంక పెట్టొద్దు" అన్నాడు ఎల్లేశం నాలుగో ముద్ద కలుపుతూ.

"ఇది ప్రసాదం కాదు, బంగాళాఖాతం" అన్నాడు హర్ష.

నగేష్‌కు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడవడం మొదలుపెట్టాడు. హర్ష చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"వచ్చిన కాన్నుంచి దినాం వండుకుంటనే ఉన్న అన్నా. ఉప్పెక్కువైందని అనేటోడే లేడు. ఎక్కువైతేంది, తక్కువైతేంది, ఎవలకు జెప్పాలె? పని కష్టం కాదన్నా. పులికి గూడ భయపడ. పొద్దుమూకితే నా గొంతు నాకే వినవడది."

స్వామీ అనడం మరిచి, అన్నా అన్నాడు. ఎల్లేశం దారంతా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఎడమచేత్తో వాడి తల నిమిరాడు.

"రావాలనిపిస్తే రా. మంచం అట్లనే ఉన్నది. ఎవలేమన్నా నేను జెప్పుకుంట."

"ఏంది స్వామీ, రావద్దని జెప్పనీకి నన్ను తెచ్చి నా బండి అరగదీస్తివి" అన్నాడు హర్ష.

"నిజంగ రమ్మంటవా?" అన్నాడు నగేష్.

"నిజంగనే."

నగేష్ లేచాడు. గిన్నెలో వేడినీళ్లు పోసి, ఇంకాస్త బియ్యం పప్పు ఉడికించి కలిపి, మళ్లీ వడ్డించాడు. ఈసారి అందరూ తిన్నారు. తర్వాత పంపు దగ్గర గిన్నెలు కడుగుతూ, గుట్ట మీదికెక్కితే సిగ్నల్ అందుతుందన్నాడు. సాయంత్రం పూజ అయ్యాక ఫోన్ చేస్తే ఎత్తుతావా అని అడిగాడు. ఎత్తకపోతే అడుగు అన్నాడు ఎల్లేశం.

పెద్దరోడ్డు దాకా దారి చూపిస్తానని నగేష్ తన బండి మీద ముందు సాగాడు. ఖాకీ బట్టలు తొడుక్కున్నాడు. వెనక సంచీ ఏమీ లేదు. రోడ్డెక్కే చోట ఆగి, జేబులోంచి చేతిరుమాలు మూట తీశాడు. అందులో గుప్పెడు బియ్యం.

"ఇరుముడి కట్టేనాడు నా పేరు మీద ఏయి స్వామీ."

"నువ్వే వచ్చి ఏయొచ్చు గద."

"ఎప్పుడంటే అప్పుడు రమ్మంటివి, ఇగ తొందరేంది?" నగేష్ ముక్కు తుడుచుకుని నవ్వాడు. "ఆనాడు డ్యూటీ ఉంటది."

ఎల్లేశం రెండు చేతులా ఆ మూట అందుకున్నాడు. నగేష్ బండి తిప్పుకుని మంచులోకి వెళ్లిపోయాడు. ఆ చప్పుడు పూర్తిగా అడవిలో కలిసిపోయేదాకా, బండెక్కమని హర్ష అతన్ని పిలవలేదు.