పేరు చెబితేనే ఫోటో

మా బాపు గాలయ్య నల్లగొండలో ఫోటోలు తీసేవాడు. కెమెరా నల్లగుడ్డ కింద తల దూర్చాడంటే ఎంత పెద్దమనిషినైనా "గడ్డం దించు" అని అదిలించేవాడు. గుడ్డలోంచి బయటికి వస్తే మాత్రం మా అమ్మ ముందు నోరు లేచేది కాదు. ఆలుమగల ఫోటోలంటే ఆయనకు ప్రాణం, తలనొప్పి కూడా. ఏ జంటను నిలబెట్టినా మధ్యలో ఎడ్లబండి పోయేంత సందు.

పోలీస్ యాక్షన్ అయ్యాక దారులు తెరుచుకున్నాయి గాని, పట్నం నుంచి ఫోటో దిగే గాజుప్లేట్లు ఇంకా రాలేదు. మాకు ఒక్కటే మిగిలింది. అప్పుడే పానగల్ నుంచి మైసమ్మ కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకొని వచ్చింది. కొడుకు లింగస్వామి పెండ్లయిన వారానికే రజాకార్లకు భయపడి కృష్ణ దాటిపోయాడట. మొన్న వచ్చాడు, రేపు బొంబాయి మిల్లుకు పోతాడు.

కోడలు యాదలక్ష్మి మంచినీళ్లకని లోపలికి వచ్చి నాతో మెల్లగా అంది.

"పోయినసారి ఆయన మొఖమే మర్శిపోయిన పిల్లా. ఎంత యాది చేసుకున్నా ఉత్త మీసాలే కండ్లల్ల ఆడుతుండె."

ఆ మాట బాపు చెవిన వేశాను.

ముంగిట్లో ఇద్దరూ రాటల్లా నిలబడ్డారు.

"జర దగ్గరికి జరుగుండ్రి," అన్నాడు బాపు.

యాదలక్ష్మి అత్త వైపు చూసి ఇంకాస్త దూరం జరిగింది. బాపు గుడ్డలోంచి తల బయటికి తీశాడు.

"మైసమ్మక్కా, గడప కాడ నీ కోడలు మొగని పేరు చెప్పిందా?"

"ఏడ చెప్పె గాలయ్యా! రజాకార్లొస్తున్నరంటే ఉరుకుతనే అక్షింతలేస్తిమి."

"పేరు చెప్పకుంట ఇంట్లకు ఎట్ల రానిస్తివి? గిప్పుడన్న చెప్పియ్యి."

ఆనవాయితీ మాట రాగానే మైసమ్మ కొంగు బిగించింది. "చెప్పవే, సిగ్గెందుకు?"

యాదలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏదో గొణిగింది.

"నాకే ఇనపడలే," అని లింగస్వామి చెవి వంచాడు.

ఆమె అతని భుజం దాకా వచ్చి మళ్లీ చెప్పింది. ఆమె నోట తన పేరు విని అతను ముఖమంతా నవ్వుతో అట్లాగే కొయ్యబారిపోయాడు. బాపు కెమెరా మూత తీసి, పెట్టేశాడు; ఉన్న ఒక్క ప్లేటు మీద ఫోటో పడిపోయింది.

సాయంత్రం ఫోటో చూసి మైసమ్మ అగ్గయింది.

"గిదేం ఫోటో! పండ్లిగిలిచ్చి పక్కకు చూడవట్టె. మంది నవ్వరా? చింపెయ్."

"అత్తా, వద్దు," అంది యాదలక్ష్మి. అత్తకు ఎదురుమాట చెప్పడం అదే మొదలనుకుంటాను. "నాకు గా మొఖమే కావాలె."

మైసమ్మ ఫోటోను ముక్కు దాకా తెచ్చుకొని చాలాసేపు చూసింది.

"నా ముంగట ఎన్నడన్న గిట్ల నవ్విండా, దొంగ!" అంటూ దాన్ని కోడలి చేతిలో పెట్టి, కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది.