పెదనాన్న వదులుకున్న తేనెపెట్టెలు

వేప పూతకొచ్చింది. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఆ పూత వాసనతో పాటు తేనెటీగల రొద కూడా తగిలింది. ఇక బట్టలేం ఆరేస్తాను! మా వీరభద్రం పెదనాన్న గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

పెదనాన్న అన్నానే గానీ ఆయన మాకు చుట్టం కాదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పెనుబల్లి దగ్గర మా చేను పక్కనే మామిడితోట కొన్న రైతు. తోటలో సరదాకి నాలుగు తేనెపెట్టెలు పెట్టుకున్నాడు. పొద్దున్నే మూత తీసి, ఈగలతో కబుర్లు చెప్పేవాడు. ఆ పని మా నాన్నకూ నేర్పాడు. ఎనభైల్లో నాన్న కూలి మానేశాడు, మేమూ పెట్టెలు పెట్టాం. ఆయనకు అది ముచ్చట, మాకు అదే అన్నం.

వానాకాలం పూత ఉండదు. ఈగలకు పంచదార పాకం పెట్టాలి, అదీ అవి గూటికి చేరాక, సాయంత్రం పూట. ఒకరోజు పెదనాన్న ఊరెళ్లే తొందరలో పట్టపగలే పోశాడు. కొంత ఒలికింది. ఆ వాసనకు మా ఈగలు ఆయన పెట్టెల మీద పడ్డాయి. ఆయన ఈగలు తిరగబడి మా పెట్టెల మీదికొచ్చాయి. సాయంత్రానికి రెండు చోట్లా చచ్చిన ఈగలే. మర్నాటికి మా పెట్టెల్లో సగం ఖాళీ చేసి ఈగలు లేచిపోయాయి. మళ్లీ కూలికి పోవాల్సిందేనని నాన్న తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఊరి నుంచి రాగానే పెదనాన్న నేరుగా మా ఇంటికే వచ్చాడు.

"తప్పు నాదే తమ్ముడూ. ఈ కాస్త పూత ఇన్ని పెట్టెలకు చాలదు కూడా. నీవి ఖాళీ అయిన చోట నా ఈగల్ని పెట్టుకో. నేనిక పెంచను."

"గట్లంటవేందన్నా! నీ పానమంత వాటి మీదనే ఉండె గదా."

"ప్రాణం వాటి మీదే ఉండనీ. అవి మాత్రం నీ దగ్గరుండనీ."

అక్కడితో ఊరుకోలేదు. మిరప పూతకు రాగానే సైకిలెక్కి చేను చేనుకూ తిరిగాడు, ఈగలు పూల మీద వాలే పగటిపూట పురుగుమందు కొట్టొద్దని, పొద్దుగూకాక కొట్టుకోమని. ఒక రైతు నవ్వాడు.

"నీకు పెట్టెలే లేకపాయె. నీకేంది బాధ?"

"లేవు కాబట్టే అడుగుతున్నా. ఉంటే నా కోసం అడిగాననుకుందువు."

ఆ రైతు పొద్దుగూకాకే మందు కొట్టాడు. ఆ ఏడు మా పెట్టెలు నిండాయి. నాన్న మళ్లీ కూలికి పోలేదు. ఒక్కసారి మూత తీసి చూడమంటే మాత్రం పెదనాన్న దూరంగానే నిలబడ్డాడు. "వద్దులే, మళ్లీ ఆశ పుడుతుంది" అని నవ్వాడు.

పెదనాన్నకు ఈగల్లాగే నాకు కుట్టుపనంటే పిచ్చి. ఒకప్పుడు వీధిలో అందరికీ ఊరికే జాకెట్లు కుట్టిపెట్టేదాన్ని. భర్త పోయిన ఒకామె బతుకుతెరువుకు మా ఎదురుగా మిషన్ పెట్టుకున్నాక మానేశాను. ఎవరు గుడ్డ తెచ్చినా ఆమె దగ్గరికే పంపుతాను. నావీ అక్కడే కుట్టిస్తాను. మొన్న కుట్టిన జాకెట్ చంక దగ్గర పట్టేసింది. విప్పి సరిచేద్దామని చేతులు ఒకటే దురద. అయినా కత్తెర ముట్టుకోలేదు. తీసుకెళ్లి ఆమెకే చూపించాను.